టికెట్ ఒకరిది, సీటు ఇంకొకరిది

పుత్తూరు నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం లేదు. ఆ మాటకొస్తే పుత్తూరు నుంచి ఏ ఊరికీ విమానం లేదు. మనకున్నది రైల్వే స్టేషను, ఆర్టీసీ బస్టాండు. కూతురి కాన్పుకో, కొడుకు కొత్తింటికో అమెరికా బయల్దేరే అమ్మానాన్నలు నగరి, తిరుత్తణి మీదుగా కారులో చెన్నై ఎయిర్‌పోర్టుకి చేరాలి. లేదంటే రేణిగుంట వెళ్లి హైదరాబాద్ విమానం పట్టుకోవాలి. అక్కడి నుంచి దోహానో, దుబాయో, లండనో, ఫ్రాంక్‌ఫర్టో. అక్కడ దిగి ఇంకో విమానం. ఈ వారం మన గొడవంతా ఆ ఇంకో విమానం గురించే.

టికెట్ బుక్ చేసేది ఎలాగూ మీరే కదా. డల్లాస్‌లో ఉన్న అక్క కార్డు నంబరు పంపిస్తుంది, ఇక్కడ తమ్ముడు ఫోన్లో బుక్ చేస్తాడు. లేదా బావ అక్కడే బుక్ చేసి పీడీఎఫ్ వాట్సాప్‌లో పడేస్తాడు. "టికెట్ వచ్చేసిందిరా" అని ఇంట్లో అందరికీ చెప్పేస్తాం. పీడీఎఫ్‌లో మొదటి విమానం పక్కన 31సీ, 31డీ అని ఉంటుంది. రెండో విమానం పక్కన ఒక గీత మాత్రమే ఉంటుంది. ఆ గీతను ఎవరూ పట్టించుకోరు.

మా వీధిలోనే ఒక పెద్దామెకు జరిగింది చెప్తాను. ఏ ఎయిర్‌లైన్సో చెప్పను, ఎందుకంటే ఇది దాదాపు ఏ జంట ఎయిర్‌లైన్స్‌లోనైనా జరగొచ్చు. చెన్నై నుంచి మొదటి విమానంలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. రెండోదాంట్లో ఆయనకు ఒకచోట, ఆమెకు పద్నాలుగు వరసల వెనకాల మధ్య సీటు. ఆమెకు షుగర్ ఉంది. మాత్రల సంచి ఆయన దగ్గర. పక్కనున్నాయన బాగా నిద్రపోయాడు. "లెయ్యమని అడగాలంటే ఏమని అడిగేది? మాట రాదు గదా నాకు. బిగబట్టుకోని అట్లనే కూర్చున్నా" అంది తిరిగొచ్చాక. సుమారు పది గంటలు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదట. నవ్వుతూనే చెప్పింది గానీ, వింటున్న కూతురు మాత్రం నవ్వలేదు.

ఆ కూతురు ప్రయత్నించకుండా లేదు. టికెట్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ విమానం మాది కాదు, వాళ్లనడగండి" అన్నారు. వాళ్ల వెబ్‌సైట్‌లో పీఎన్‌ఆర్ కొడితే "బుకింగ్ దొరకలేదు" అని వచ్చింది. మళ్లీ మొదటివాళ్లకు ఫోన్. మళ్లీ అదే మాట. మూడు రోజులు తిరిగి వదిలేసింది. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒక చిన్న ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు: ఆ రెండో కంపెనీ దగ్గర అదే టికెట్‌కి ఇంకో పీఎన్‌ఆర్ ఉంటుంది.

మనకు రైలు అలవాటు. ఐఆర్‌సీటీసీలో పది అంకెల పీఎన్‌ఆర్ ఒకటే ఉంటుంది. టికెట్ అమ్మింది రైల్వే, బోగీ రైల్వేది, వచ్చే టీటీఈ కూడా రైల్వే మనిషే. బెర్త్ గురించి గొడవుంటే అడగడానికి ఒకే ఇల్లు. విమానాల్లో అమ్మేవాళ్లు ఒకరు, నడిపేవాళ్లు ఇంకొకరు కావచ్చు. దీన్ని కోడ్‌షేర్ అంటారు. లండన్ హీత్రూ, డల్లాస్ మధ్య బ్రిటిష్ ఎయిర్‌వేస్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ రెండూ తిరుగుతాయి. 2010 నుంచి ఆ రెండూ అట్లాంటిక్ మీద ఉమ్మడి వ్యాపారం చేస్తున్నాయి. కాబట్టి అమెరికన్ నడిపే విమానానికి బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన బీఏ నంబరు తగిలించి అమ్ముకోవచ్చు. మీ టికెట్‌లో చెన్నై–లండన్, లండన్–డల్లాస్ రెండూ బీఏ అనే ఉంటాయి. డల్లాస్ విమానం ఎక్కాక గానీ అది అమెరికన్ వాళ్లదని నాన్నకు తెలియదు.

ఇలాంటి జంటలు మన వాళ్లు తిరిగే దారుల్లో చాలా ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే లుఫ్తాన్సా, యునైటెడ్. దోహా మీదుగా అయితే ఖతార్ ఎయిర్‌వేస్, అమెరికన్. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో వెళ్లి అమెరికాలో చిన్న ఊరికి మారాలంటే, 2023 నుంచి ఎమిరేట్స్, యునైటెడ్‌లకూ పొత్తు ఉంది. మనకు దగ్గర్లోనే చూస్తే, ఖతార్ టికెట్ మీద దోహా–హైదరాబాద్ ముక్కను ఇండిగో నడిపే సందర్భాలూ ఉన్నాయి.

సీటు ఎవరి చేతిలో ఉంటుందంటే, విమానం నడిపేవాళ్ల చేతిలో. 31సీ అనే కుర్చీ వాళ్ల కంప్యూటర్‌లో ఉంటుంది. అమ్మినవాళ్ల కంప్యూటర్ వేరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, లుఫ్తాన్సా వాడేది అమడియస్ అనే సిస్టమ్. అమెరికన్‌ది సేబర్. యునైటెడ్‌ది షేర్స్ అని ఇంకొకటి. మీరు ఒకచోట టికెట్ కొనగానే ఆ సిస్టమ్ రెండోదానికి ఒక మెసేజ్ పంపుతుంది: "ఫలానా ఇద్దరు, ఫలానా రోజు, మీ విమానంలో." రెండో సిస్టమ్ ఆ ఇద్దరికీ తన దగ్గర కొత్త బుకింగ్ తెరిచి, తన సొంత ఆరక్షరాల పీఎన్‌ఆర్ ఇస్తుంది. టికెట్ అంతవరకూ పక్కాగా వస్తుంది. సీటు మ్యాప్ మాత్రం చాలాసార్లు ఈ గోడ దాటి రాదు. కొన్ని జంటల మధ్య చక్కగా వస్తుంది, కొన్నిటి మధ్య అసలు రాదు. కొన్నిచోట్ల సీటు ఎంచుకున్నట్టే కనిపిస్తుంది గానీ పక్కన "రిక్వెస్టెడ్" అని ఉంటుంది. రిక్వెస్టెడ్ అంటే అడిగాం అని మాత్రమే. "కన్ఫర్మ్‌డ్" అని మారేదాకా ఆ సీటు మీది కాదు.

కాబట్టి మొదటి పని, టికెట్‌లో "ఆపరేటెడ్ బై" అనే చిన్న అక్షరాల లైను వెతకడం. బుక్ చేసేముందే చూస్తే ఇంకా మంచిది. యాప్‌లో ఫ్లైట్ డీటెయిల్స్ తెరిస్తే కనిపిస్తుంది. దాన్ని చట్టం కోసమే పెట్టినట్టు బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో పెడతారు. చెన్నై నుంచి ఆఖరి ఊరిదాకా ఒకే కంపెనీ నడిపే టికెట్ మూడు నాలుగు వేలు ఎక్కువైనా, ప్రయాణించేది అమ్మానాన్నలైతే నేను దానికే ఓటేస్తాను. మనం ఎక్కడైనా సర్దుకుంటాం, ఎవరినైనా అడుగుతాం. వాళ్లకు అడగడమే కష్టం.

ఇప్పటికే బుక్ అయిపోయిందా? అయితే రెండో పీఎన్‌ఆర్ వేటలో పడండి. టికెట్ కొన్న ఎయిర్‌లైన్ సైట్‌లో "మేనేజ్ బుకింగ్" తెరిస్తే కొన్నిసార్లు పార్ట్‌నర్ రిఫరెన్స్ అక్కడే కనిపిస్తుంది. లేకపోతే చాట్‌లోకి వెళ్లండి, లేదా ఫోన్ చేయండి. "సీటు కావాలి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే "వాళ్లనడగండి" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఆపరేటింగ్ క్యారియర్ రికార్డ్ లొకేటర్ ఇవ్వండి" అని అడగండి. ఈ నాలుగు మాటలకు భలే పవర్ ఉంది. ఎదుటి మనిషి స్క్రీన్ మీద అది ఉంటుంది కాబట్టి సాధారణంగా ఒక నిమిషంలో చదివి వినిపిస్తారు. ట్రావెల్ ఏజెంట్ దగ్గర కొన్నా ఇదే మాట అడగండి. ఆన్‌లైన్ ట్రావెల్ సైట్‌లో కొంటే మీకు మొదట వచ్చేది వాళ్ల బుకింగ్ ఐడీ. అది పొడుగ్గా ఉంటుంది, ఎయిర్‌లైన్‌కి దాంతో పనిలేదు. ఆరక్షరాలదే పీఎన్‌ఆర్.

ఎవరూ ఇవ్వకపోతే ఇంకో తాళంచెవి ఉంది. ఈ-టికెట్ నంబరు, 13 అంకెలది. మొదటి మూడంకెలు చూస్తే టికెట్ ఎవరు ఇచ్చారో తెలుస్తుంది: 125 బ్రిటిష్ ఎయిర్‌వేస్, 001 అమెరికన్, 157 ఖతార్, 176 ఎమిరేట్స్, 220 లుఫ్తాన్సా, 016 యునైటెడ్, 098 ఎయిర్ ఇండియా. నడిపే కంపెనీ సైట్‌లోనో యాప్‌లోనో పీఎన్‌ఆర్ గడిలో ఈ నంబరు కూడా తీసుకునే వీలుంటే, ఇంటిపేరుతో కలిపి కొట్టి చూడండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే కొట్టాలి. మన వాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకేచోట పడి ఉండటం కొత్తేమీ కాదు. "బుకింగ్ దొరకలేదు" అని వచ్చినప్పుడు సగంసార్లు గొడవ పీఎన్‌ఆర్‌ది కాదు, ఈ పేరుదే అని నా అనుమానం. టికెట్ మీద పేరు ఎలా విడగొట్టారో చూసి, అదే అక్షరాలు కొట్టండి.

రెండో పీఎన్‌ఆర్‌తో లోపలికి వెళ్లగలిగితే ముప్పాతిక పని అయినట్టే. సీటు మ్యాప్ తెరుచుకుంటుంది. అక్కడ డబ్బులు అడగొచ్చు. మీరు కొన్నది బేసిక్, లైట్ లాంటి చౌక ఫేర్ అయితే దాదాపుగా అడుగుతారు. కొన్నిసార్లు "ఈ టికెట్ మేం ఇచ్చింది కాదు, ఇక్కడ డబ్బు కట్టలేరు" అని కూడా వస్తుంది. అప్పుడు టికెట్ ఇచ్చినవాళ్ల ద్వారానే కట్టాలి, లేదా చెకిన్ దాకా ఆగాలి. కట్టాలా వద్దా అంటే, రెండు గంటల ముక్కకు వద్దు. పది గంటల ముక్కకు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లకు, కట్టేయండి. కట్టిన రసీదు మాత్రం దాచండి. విమానం మారి సీటు పోతే డబ్బు వెనక్కి అడగడానికి అదే సాక్ష్యం.

ఏ సీటు తీసుకోవాలి? పెద్ద విమానాల్లో ఎక్కువగా మూడు–నాలుగు–మూడు, లేదా మూడు–మూడు–మూడు ఉంటాయి. ఇద్దరికీ నడవ పక్క సీటు, దాని పక్కది తీసుకోండి. లేవాలంటే ఎవరినీ అడగక్కర్లేదు, ఆయన లేస్తే ఆమె లేస్తుంది. కిటికీ పక్కన కూర్చుని మేఘాలు చూడాలని అమ్మకు సరదా ఉంటే పగలు వెళ్లే చిన్న విమానంలో తీర్చండి. ఒక తెలివైన చిట్కా నెట్‌లో తిరుగుతుంటుంది: కిటికీ ఒకరికి, నడవ ఒకరికి తీసుకుంటే మధ్య సీటు ఎవరూ తీసుకోరు, ఖాళీగా మిగిలిపోతుందని. కాలేజీ కుర్రాళ్లు ఆడుకోవడానికి బాగానే ఉంటుంది. అమ్మానాన్నలతో ఆ జూదం ఎందుకు?

ఇంకొకటి, ఇద్దరినీ ఒకే పీఎన్‌ఆర్‌లో బుక్ చేయండి. ఆఫర్ ఉందని అమ్మది ఒక కార్డు మీద, నాన్నది ఒక కార్డు మీద వేరువేరుగా కొంటే, కంప్యూటర్ దృష్టిలో వాళ్లిద్దరూ ఒకరికొకరు తెలియని మనుషులు. అలా కొనేసి ఉంటే ఫోన్ చేసి రెండు బుకింగ్‌లనూ లింక్ చేయమనండి.

ఇప్పుడు చెకిన్ సంగతి. చాలా కంపెనీలు 24 గంటల ముందు ఆన్‌లైన్ చెకిన్ తెరుస్తాయి, కొన్ని 48 గంటల ముందే. అప్పటిదాకా పట్టి ఉంచిన కొన్ని సీట్లను అప్పుడే ఉచితంగా వదులుతారు. ఇక్కడే కనెక్టింగ్ వాళ్లకు చిక్కు. రెండో విమానం మొదటిదాని కంటే పదిహేను గంటలు ఆలస్యంగా బయల్దేరుతుంది అనుకోండి. దానికి 24 గంటల లెక్క విడిగా వేస్తే, ఆ చెకిన్ తెరుచుకునేది మొదటి విమానానికి తొమ్మిది గంటల ముందు. అప్పటికి ఇంట్లో పచ్చడి సీసాకి మూడో కవరు చుడుతూ ఉంటారు, బయట కారు వచ్చి నిలబడి ఉంటుంది. అమ్మానాన్నల్ని అడగొద్దు, ఆ పని మీరే ఫోన్లో అలారం పెట్టుకుని చేయండి. డల్లాస్‌లో ఉన్న అక్కకు అప్పుడు ఎంత టైమో కూడా లెక్కేసుకోండి. ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా.

ఆన్‌లైన్‌లో కుదరకపోతే చెన్నై కౌంటర్ దగ్గర రెండు బోర్డింగ్ పాస్‌లూ అడిగి తీసుకోమనండి. రెండోదాని మీద సీటు నంబరు ఉండాల్సిన చోట ఏముందో అక్కడే చూడాలి. ఫొటో తీసి మీకు పంపమనండి, మీరే చదవండి. నంబరు లేకపోతే టికెట్ లేదని కాదు, సీటు గేటు దగ్గర ఇస్తారని. మధ్యలో మారే ఎయిర్‌పోర్టులో దిగగానే రెండో కంపెనీ ట్రాన్స్‌ఫర్ డెస్క్‌కో గేటుకో తొందరగా చేరాలి. ఓవర్‌బుకింగ్ అయిన రోజున సీటు నంబరు లేనివాళ్లకే ముందు ఇబ్బంది వస్తుంది. వీల్‌చైర్ సాయం పెట్టించి ఉంటే ఆ తోసుకెళ్లే మనిషికే ఒక చీటీ చూపించవచ్చు. "మేమిద్దరం భార్యాభర్తలం, ఇంగ్లీషు రాదు, పక్కపక్కన సీట్లు కావాలి" అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. దోహాలో దిగాక ఫోన్ చార్జింగ్ ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?

వీల్‌చైర్ కూడా ఇదే గోడ దగ్గర ఆగిపోవచ్చు. మొదటి కంపెనీలో పెట్టింది రెండోదానికి చేరిందో లేదో రెండో పీఎన్‌ఆర్‌తో చూసుకోండి. మెట్లు ఎక్కగలిగి, ఎక్కువ దూరం నడవలేని వాళ్లకు పెట్టే కోడ్ డబ్ల్యూసీహెచ్‌ఆర్. అది రెండు చోట్లా కనిపించాలి.

మన ఊరి మాట ఒకటి. కాలు విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్న పెద్దాయన అమెరికా విమానం ఎక్కితే? నవ్వకండి, ఈ ఊళ్లో అది జరగని పనేం కాదు. కట్టుతో ప్రయాణం చేయొచ్చో లేదో ముందు డాక్టరూ ఎయిర్‌లైనూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక సీటు విషయంలో మాత్రం అమెరికా చట్టం ఆయన పక్షం. అక్కడి ఎయిర్ క్యారియర్ యాక్సెస్ చట్టం 1986 నాటిది. దాని నిబంధనల ప్రకారం, కాలు మడవలేని స్థితిలో ఉన్న ప్రయాణికుడికి కాళ్లు చాపుకునే చోటు ఎక్కువున్న సీటు, ఆ కాలికి అనువైన వైపున ఇవ్వాలి. అమెరికాకు వచ్చే, అమెరికా నుంచి పోయే విమానాల్లో విదేశీ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. ముందుగా చెప్పుకోవాలి, అదీ నడిపే కంపెనీకి. మామూలు మోకాళ్ల నొప్పికి ఇది పనికిరాదు.

మన దగ్గర డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఒక మంచి పని చేసింది. 12 ఏళ్ల వరకు వయసున్న పిల్లలకు, అదే పీఎన్‌ఆర్‌లో ఉన్న అమ్మానాన్నల్లో, లేదా తోడు వచ్చిన పెద్దవాళ్లలో, కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని ఎయిర్‌లైన్స్‌కి చెప్పింది. అందులో పెద్దవాళ్ల ఊసు లేదు. భాష రాని దేశాల మీదుగా మొదటిసారి విమానం ఎక్కే అరవై ఐదేళ్ల మనిషికి, పదేళ్ల పిల్లకు ఆ పది గంటల్లో పెద్ద తేడా ఏముంటుందో నాకర్థం కాదు. రైల్లో పెద్దవాళ్లకు కింది బెర్త్ అని ఒక పద్ధతైనా ఉంది. విమానంలో అలాంటిదేమీ లేనంతకాలం ఆ పని మీ ఫోన్ మీదే పడుతుంది.

సీటు ఒకసారి కన్ఫర్మ్ అయింది కదా అని వదిలేయకండి. టైమ్ మారినా, విమానం రకం మారినా సీట్లు చెదిరిపోతాయి. "మీ ప్రయాణ సమయంలో స్వల్ప మార్పు" అని మెయిల్ వస్తే పది నిమిషాల మార్పే కదా అని ఓకే కొట్టకుండా, రెండు పీఎన్‌ఆర్‌లతోనూ లోపలికి వెళ్లి సీట్లు ఉన్నాయో లేదో చూడండి. అలాంటి మెయిల్ అమ్మినవాళ్ల నుంచి మీకు రాకపోనూ వచ్చు. కాబట్టి నెలకోసారి, చివరి వారంలో రెండుసార్లు చూడటం మేలు.

అన్నట్టు రిటర్న్ టికెట్ కూడా ఇందులోనే ఉంటుంది. కాన్పుకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేది అయిదారు నెలల తర్వాత. అప్పటికి షెడ్యూల్ ఎన్నిసార్లు మారుతుందో. వెళ్లేటప్పటి సీట్లకు పడిన హడావుడి వచ్చేటప్పుడు ఎవరికీ ఉండదు, మనవడి ఫొటోల మధ్య ఆ పీడీఎఫ్ ఎక్కడో కిందికి వెళ్లిపోతుంది. దాన్ని ఇప్పుడే వెతికి స్టార్ పెట్టుకోండి. వచ్చేటప్పుడు డల్లాస్ నుంచి ఎక్కే మొదటి విమానమే ఆ రెండో కంపెనీది కావచ్చు.